రాత్రి పొలానికి జూమ్ టార్చిలైటు: కొనే ముందు చూసుకోవాల్సినవి



ప్రకృతి వ్యవసాయంలో రసాయన మందు కొట్టం కాబట్టి పురుగుని కంటితో చూసి, సంఖ్య లెక్కేసి, అప్పుడు నీమాస్త్రమా, అగ్నిఅస్త్రమా, చేత్తో ఏరడమా అని నిర్ణయించుకుంటాం. చిక్కేంటంటే చాలా పురుగులు పగలు కనపడవు. పొగాకు లద్దెపురుగు పగలు మట్టిపెళ్ళల కింద దాక్కుని రాత్రి ఆకు తింటుంది. ఆఫ్రికా నత్తలు చీకటి పడ్డాకే బయటికొస్తాయి. తొలకరి పడగానే వేరుపురుగు తాలూకు పెంకుపురుగులు మునిమాపు వేళ వేపచెట్ల మీద వాలతాయి. కొమ్మ దులిపి ఏరేయొచ్చు. సాలీళ్ళలాంటి మన మిత్రులు కూడా చాలావరకు రాత్రి వేటగాళ్ళే. అందుకే నా లెక్కలో టార్చిలైటు కూడా స్ప్రేయరులాంటి పనిముట్టే. మా ఆనందపురం వైపు కూరగాయల మడుల్లో ఎలా వాడతానో పై వీడియోలో చూపించాను. ఏది కొనాలో ఇక్కడ రాస్తున్నాను.

ఫోకస్ ఎలా మారుతుంది?

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ మీకు తెలుసు కదా. లైట్‌హౌస్‌లో దీపం ముందున్న అద్దాలు నలుదిక్కులా పోయే వెలుగుని ఒక కట్టగా చేసి సముద్రం మీదికి పంపుతాయి. ఫ్రాన్సులో ఫ్రెనెల్ అనే ఇంజినీరు 1820లలో ఈ పద్ధతికి దారి వేశాడు. మన జూమ్ టార్చిలో పనిచేసేదీ అదే సూత్రం. ఎల్‌ఈడీ ముందు కుంభాకార కటకం ఉంటుంది. కటకం ఎల్‌ఈడీకి దగ్గరగా ఉంటే వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది. తల ముందుకి లాగితే వెలుగు చిన్న మచ్చలా దూరం పోతుంది. బాగా లాగినప్పుడు గోడ మీద చతురస్రం కనపడితే అది లోపం కాదు, ఎల్‌ఈడీ బొమ్మే అలా పడుతుంది.

ఒక సంగతి షాపువాళ్ళు చెప్పరు. ముందుకి లాగినప్పుడు వెలుగులో కొంత టార్చి గొట్టం లోపలి గోడలకే తగిలి పోతుంది. మధ్యలో మెరుస్తుంది గానీ చుట్టూ చీకటే. అద్దపు గిన్నె ఉండే మామూలు టార్చిలో అయితే దూరం వెలుగు, కాళ్ళ దగ్గర వెలుగు రెండూ ఒకేసారి ఉంటాయి. గట్టు మీద నడకకే అయితే గిన్నె టార్చి చాలు. దగ్గర్లో ఆకు చూడాలి, దూరంలో పందుల అలికిడీ చూడాలి అంటే జూమ్ టార్చి మంచిది.

దూరం లెక్క

డబ్బా మీద ల్యూమెన్లు చూసి మోసపోకండి. ల్యూమెన్ అంటే మొత్తం వెలుగు, కాండెలా అంటే ఒక దిక్కుకి పోయే వెలుగు బలం. కాండెలా సంఖ్యకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లలో దూరం వస్తుంది. 2500 కాండెలా అంటే 100 మీటర్లు, 10000 అంటే 200 మీటర్లు. ఆ చివరి దూరంలో పడేది పున్నమి వెన్నెలంత వెలుగే. అక్కడున్నది పందో, దూడో గుర్తుపట్టాలంటే అందులో సగం దూరమే లెక్కలోకి తీసుకోండి.

బ్యాటరీ

ఎక్కువ జూమ్ టార్చిల్లో 18650 అనే లిథియం బ్యాటరీ వస్తుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ఈ సైజులో మంచి బ్యాటరీకి 3500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. దాని మీద 9900 అని రాసుంటే ఆ షాపు నుంచి వచ్చేయండి. ఛార్జింగ్ పెట్టేది గడ్డివాము పక్కన, పాకలో వద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే మామూలు సెల్సుతో వెలిగే టార్చి ఒకటి కూడా ఇంట్లో ఉండాలి.

వాన, ఉప్పుగాలి

ఐపీఎక్స్4 అంటే వాన జల్లుకి ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుతుంది. లాగి నెట్టే జూమ్‌లో లాగిన ప్రతిసారీ గాలి లోపలికి పోతుంది, దాంతోపాటు తేమ కూడా. మరలాగా తిప్పే రకం కాస్త మేలు. సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి స్ప్రింగులు చిలుము పడతాయి. నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి, వాడనప్పుడు సెల్సు తీసేయండి.

షాపులో చేసే పరీక్ష

1. గోడకి రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి వెడల్పు వెలుగు వెయ్యండి. మధ్యలో నల్లమచ్చ, చుట్టూ వలయాలు లేకుండా సమంగా పడాలి.
2. ఒంటి చేత్తో ఫోకస్ మారాలి. రెండో చేతిలో కర్ర ఉంటుంది కదా.
3. టార్చి ఊపితే ఫోకస్ జారకూడదు.
4. ఒక పచ్చని ఆకు, ఒక పండుబారిన ఆకు జేబులో పెట్టుకెళ్ళి వెలుగులో చూడండి. నీలం ఛాయ వెలుగులో ఆకు రంగు తేడా సరిగ్గా తెలియదు. కాస్త పసుపు కలిసిన తెలుపు మేలు.
5. తక్కువ వెలుగు మోడ్ ఉండాలి. ఆకు దగ్గర ఎక్కువ వెలుగు వేస్తే కళ్ళు చెదురుతాయి.

పొలంలో వాడకం

నడిచేటప్పుడు ఎప్పుడూ వెడల్పు వెలుగే, అదీ అడుగుల ముందు పడాలి. చిన్న మచ్చ వెలుగులో దూరం కనపడుతుంది గానీ పక్కనున్న కట్లపాము కనపడదు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, దాని కాటు నొప్పి ఒక్కోసారి తెలియనే తెలియదు. బూట్లు, కర్ర తప్పనిసరి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం వద్దు. మనిషిని కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

దూరం వెలుగు నిలబడి చూడడానికే. పంది కనపడితే అరుపులు, డబ్బా చప్పుడు చాలు, వెంటపడొద్దు. రోడ్డు మీద బండ్ల వాళ్ళ కళ్ళలోకి వెలుగు వెయ్యొద్దు.

ఈ రాత్రే ఉన్న టార్చితో ఒక్క మడి చూడండి. పది మొక్కల కింద, ఆకుల అడుగున ఏముందో లెక్క రాసుకోండి. పురుగులెన్ని, సాలీళ్ళెన్ని అన్నది తెలిశాకే పొద్దున్న డ్రమ్ములో కషాయం కలపాలో వద్దో నిర్ణయించుకోండి.