పంటకు తుపాకీ కాపలా: లైసెన్సు ఒకటి, అనుమతి మరొకటి

మిరప కల్లాలు మొదలయ్యాయంటే రైతు మంచం ఇంట్లోంచి చేలోకి మారుతుంది. పర్చూరు, మార్టూరు, ప్రత్తిపాడు, పెదనందిపాడు నల్లరేగళ్లలో కాయ ఆరి టిక్కీల్లోకి ఎక్కేదాకా దొంగల భయం. పడమటకు పోయి మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి, యర్రగొండపాలెం, మార్కాపురం వైపు చూస్తే అడవిపందుల భయం. ఇప్పుడు పందులు నల్లమల అంచునే ఉండటం లేదు. వాగుల వెంబడి, కాలవగట్ల మీద పెరిగిన చిల్లచెట్లలో పగలంతా పడుకుని, పొద్దుగూకాక మొక్కజొన్నలోకి, వేరుశనగలోకి దిగుతున్నాయి. మిరపకాయ తినకపోయినా, దారిలో ఉన్న మిరపతోటనూ పత్తిచేనునూ తొక్కి, దుంపలకోసం మొదళ్లు పెళ్లగిస్తున్నాయి.

ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఈ కాలంలో ఒక మాట వినబడుతుంది. "ఓ తుపాకీ ఉంటే ఈ బాధ పోను గదా మామా!" అని. తుపాకీ ఎవరికిస్తారు, ఇచ్చాక దానితో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, రాత్రిపూట అది నిజంగా మన ప్రాణం కాపాడుతుందా అన్నవి రైతు సోదరులు ముందుగా తెలుసుకోవాలి. తెలియక చేసిన పనికి పంట పోవడం అటుంచి జైలు పాలయ్యే ప్రమాదం ఉంది.

లైసెన్సు ఎవరికి?

మన దేశంలో తుపాకీ సంగతి చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం. దరఖాస్తు పద్ధతి 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం నడుస్తుంది. పంట కాపలా కోసం తుపాకీ అడగడం కొత్త కోరికేమీ కాదు, చట్టంలోనే ఆ మాట ఉంది. 13వ సెక్షన్ ప్రకారం నిజంగా పంట రక్షణ కోసమే అడిగిన వారికి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే 20 అంగుళాలకు తక్కువ కాని బ్యారెల్ ఉన్న మామూలు తూటా తుపాకీకి కూడా ఇవ్వవచ్చు.

చిన్న రైతులు ముఖ్యంగా గమనించాల్సింది 14వ సెక్షన్. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని అందులో స్పష్టంగా ఉంది. కనుక "ఎకరంన్నర వాడికి తుపాకీ ఎందుకు" అని ఎవరన్నా అంటే అది చట్టం మాట కాదు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు, పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అయితే దరఖాస్తు పెట్టిన వారందరికీ వస్తుందని అనుకోవద్దు. శాంతిభద్రతలకు ఇబ్బంది అనిపిస్తే అధికారి కాదనవచ్చు. ఊళ్లో కక్షలు, కేసులు ఉన్నవారి దరఖాస్తును మరింత జాగ్రత్తగా చూస్తారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో జిల్లా కలెక్టరు కార్యాలయానికి వెళుతుంది. 21 ఏళ్లు నిండాలి. దగ్గర్లోని పోలీసు స్టేషను నుంచి నివేదిక తెప్పిస్తారు. ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. తుపాకీ పట్టుకోవడం, దాచడంలో శిక్షణ పొందాలి. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, పంట నష్టం ఫొటోలు దగ్గరుంచుకుంటే మీ అవసరం రుజువు చేయడం తేలిక. కౌలు రైతులైతే కౌలు కార్డు కూడా జతచేయాలి.

2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు ఐదేళ్లు. తాత పేరున ఉన్న పాత తుపాకీ ఇంట్లో అటక మీద ఉందని ఊరుకోవద్దు. లైసెన్సు మనిషికి గానీ ఇంటికి కాదు. తాత పోయిన నాడే ఆ కాగితం పనికి రాకుండా పోయినట్టు. వెంటనే స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ తుపాకీ అప్పగించి, వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. అలాగే లైసెన్సులో పేరు లేని పాలేరు చేతికో, కొడుకు చేతికో ఇచ్చి చేలోకి పంపడం నేరం.

లైసెన్సు ఉంటే పందిని కాల్చొచ్చా?

చాలామంది పొరబడేది ఇక్కడే. కాల్చకూడదు. తుపాకీ లైసెన్సు అంటే తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు. అడవి జంతువును చంపే హక్కు కాదు. అది వేరే చట్టం, వేరే శాఖ.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది రక్షిత జంతువు. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నెమలి, కృష్ణజింక ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. వాటి జోలికి పోతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా శిక్ష. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, ఎర వేయడం కూడా చట్టం దృష్టిలో వేటే.

మరి దారి లేదా అంటే ఉంది. మనుషులకు గానీ, నిలిచి ఉన్న పంటకు గానీ ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపేందుకు 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షులకు కూడా అప్పగించారు. మన రైతులు అటవీ రేంజి అధికారి ద్వారా అర్జీ పెట్టుకోవాలి. ఒక్కరుగా పోయేకంటే ఊరి రైతులంతా కలిసి, పంచాయతీ తీర్మానం, సర్వే నంబర్లు, తేదీలు వేసిన నష్టం ఫొటోలతో పోతే మాటకు బలం ఉంటుంది. అనుమతితో చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. కోసుకుని పంచుకుంటే అది మరో కేసు.

"కొడగులో ఇంటింటికీ తుపాకీ ఉందట గదా" అని కొందరు అడుగుతారు. నిజమే. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి కొడవలకు, అక్కడి జమ్మా భూముల వారికి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. కానీ ఆ మినహాయింపు తుపాకీకే. అడవి జంతువుల చట్టం వారికీ మనకూ ఒకటే.

ప్రాణం మీదికి వస్తే?

చేలో ఉండగా పందో, ఎలుగో మీదికి వచ్చింది. ప్రాణం కాపాడుకోవడానికి చంపాల్సి వచ్చింది. దీన్ని నేరంగా చూడరాదని అదే 11వ సెక్షన్ చెబుతోంది. పక్కవాడి ప్రాణం కాపాడటానికి చేసినా అంతే. అయితే ఆ సమయానికి మీరు ఈ చట్టాన్ని మీరే పనిలో ఉండకూడదు. ఉచ్చు పన్ని, దాని దగ్గర కాపు కాసి, "మీదికొచ్చింది సారూ" అంటే చెల్లదు. జరిగిన వెంటనే అటవీ శాఖకు, పోలీసులకు కబురు పెట్టండి. కళేబరాన్ని కదపవద్దు.

కల్లంలో దొంగ పడితే?

ఇది ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులోనూ ఉంది, ఆస్తిని కాపాడుకునే హక్కూ ఉంది. కానీ అవసరానికి మించి హాని చేసే హక్కు లేదు. నాలుగు టిక్కీల మిరపకాయలు ఎత్తుకుని పారిపోతున్నవాణ్ని వెనకనుంచి కాలిస్తే అది హత్య కేసు అవుతుంది. వాడు కత్తో గొడ్డలో ఎత్తి మీదికి వచ్చి, ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో నిజంగా భయపడాల్సి వస్తే అది వేరు. చీకట్లో, నిద్రమత్తులో ఈ తేడా తేల్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మిరప ధర ఎంతున్నా మనిషి ప్రాణానికి సరిరాదు.

మన నేలమీద గుండు ఎటు పోతుంది?

కొండ ప్రాంతంలో గుండుకు మట్టికట్ట అడ్డం వస్తుంది. మన నేల బల్లపరుపు. రవ్వల తూటా గట్టిగా పనిచేసేది ఓ నలభై గజాల లోపే. కానీ రవ్వలు వందల గజాలు పోతాయి. ఒంటి గుండు అయితే ఇంకా దూరం. మీ చేను అవతల ఇంకొకరి చేను, అందులో మీలాగే కాపలా పడుకున్న రైతు. కార్తీకం నాటికి పత్తి ఎదకెత్తు పెరుగుతుంది. అందులో కదిలింది పందా, నీళ్లు కట్టడానికొచ్చిన మనిషా, తాడు తెంపుకున్న గేదా అన్నది టార్చి వేసినా తెలియదు.

మరో మాట. మందు కూరే తుపాకీతో ఒక్కసారే పేల్చగలం. మళ్లీ మందు కూరి, గుండు దించేలోపల గాయపడ్డ పంది మీదికి వస్తుంది. గాయపడి పొదలో నక్కిన పంది మామూలు పంది కంటే ప్రమాదం. తెల్లారి కలుపుకొచ్చే ఆడకూలీలు దానికి దొరుకుతారు.

లైసెన్సు ఉన్నవారు ఈ ఐదూ పాటించండి. గట్టు దాటేటప్పుడు, కాలవ దూకేటప్పుడు తూటా తీసివేయాలి. తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట తాళం వేసి పెట్టాలి. మందు తాగిన రాత్రి తుపాకీ ముట్టరాదు. పెళ్లి ఊరేగింపులో సరదాకు పేల్చరాదు, 2019 నుంచి దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోవాలి.

తుపాకీ లేదని ఈ పనులు చేయకండి

నాటు తుపాకీ: లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే రెండేళ్లకు తక్కువ కాని, ఐదేళ్ల దాకా జైలు. తయారు చేసినవాడికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం. పైగా నాటు గొట్టం పగిలితే ముందు పోయేవి పేల్చినవాడి చేతులు, కళ్లే.

కరెంటు తీగ: స్తంభం నుంచి నేరుగా చేను చుట్టూ తీగ లాగడం మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. పందికి పెట్టిన తీగకు పక్క రైతు, పెట్టినవాడి కొడుకు, మేతకొచ్చిన గొడ్లు బలైన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కరెంటు చౌర్యం ఒక కేసు, మనిషి పోతే ఇంకో కేసు.

నాటు బాంబు: పిండిలోనో, పండులోనో పెట్టిన మందుకు పందే దొరుకుతుందని నమ్మకం లేదు. 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోరు పేలి చనిపోయిన ఉదంతం దేశమంతా చూసింది. మన ఊళ్లలో అయితే కుక్క, గేదె, ఆడుకునే పిల్లవాడు.

ఫోరేట్ గుళికలు: వాసనకు పందులు రావని ఒకప్పుడు గుడ్డసంచుల్లో కట్టి వేలాడదీసేవారు. 2020 చివరి నుంచి ఫోరేట్ నిషిద్ధం. మిగిలిన సంచి ఉన్నా వాడవద్దు.

తూటా ఖర్చు లేని కాపలా

వాగు వెంట చిల్లకంప ఉన్నచోట ఊరంతా కలిసి కొట్టించండి. పందికి పగటి చోటు లేకుండా చేయడం మొదటి పని. వేరుశనగ చుట్టూ నాలుగు వరుసలు ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు ఆముదం దట్టంగా వేస్తే లోపలికి రావడం తగ్గుతుంది. పందికి చూపు కంటే వాసన ఎక్కువ. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టు వెంట పలచగా చల్లితే అవి ముక్కులోకి పోయి వెనుదిరుగుతుంది. పాత రంగు చీరెలు చుట్టూ కట్టడం, పొయ్యిలో ఎండుమిరప వేసి గాలివాటున పొగపెట్టడం కూడా కొన్నాళ్లు పనిచేస్తాయి. ఏదీ సీజనంతా పనిచేయదు. పది రోజులకోసారి పద్ధతి మార్చాలి. నలుగురైదుగురు రైతులు కలిస్తే సోలారు కంచె మంచిది. దానిలో కరెంటు క్షణంపాటు వచ్చి ఆగుతుంది కనుక జంతువు అదిరి పారిపోతుంది గానీ చావదు. గుర్తింపు ఉన్న యంత్రమే కొనాలి. దానికి ఇంటి కరెంటు నేరుగా కలపరాదు.

కల్లం కాపలా వంతులవారీగా పెట్టుకోండి. నాలుగు కల్లాలు ఒకేచోట పోసుకుంటే ఇద్దరు మేల్కొన్నా చాలు. ఒక ఈల, ఒక లైటు, నలుగురి ఫోను నంబర్లు. దొంగ భయపడేది మనిషి అలికిడికే.

అసలు భయం కాళ్ల దగ్గర ఉంది

రాత్రి చేలో రైతుకు పంది కంటే, దొంగ కంటే దగ్గరగా ఉండేది పాము. దానికి తుపాకీ ఎందుకూ పనికిరాదు. కట్లపాము నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. నొప్పి కూడా పెద్దగా తెలియదు. రక్తపింజర చెత్తలో, గట్టు మీద కదలకుండా పడి ఉంటుంది. నేలమీద పట్టా పరిచి పడుకోవద్దు. మంచం వేసుకుని, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. నీళ్లు కట్టడానికి పోతే మోకాలి బూట్లు, చేతికర్ర, మంచి టార్చి ఉండాలి. కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, పసరు పోయడం వద్దు. కాలు కదపకుండా 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేరండి.

గుర్తుంచుకోండి

తుపాకీ ఉంచుకోవడానికి కలెక్టరు లైసెన్సు. పందిని చంపడానికి అటవీ అధికారి అనుమతి. రెండూ రాతలో ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే రెండూ లేనట్టే. ఈ రెండూ చేతికి వచ్చేలోగా మంచం, దోమతెర, టార్చి, కర్ర, పక్క చేను రైతు తోడు ఈ రాత్రికే సమకూర్చుకోవచ్చు. పంట పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకుంటాం. కాపలా కాసే మనిషి తెల్లారి ఇంటికి రావడం ముఖ్యం.