నేల విడవని నిర్ణయం

టైర్లు అరిగిపోయాయి. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలోనో, ప్రాస్పర్‌లోనో టైర్ల దుకాణంలో కౌంటరు ముందు నిలబడ్డారు. బయట మీ పికప్ ట్రక్కు ఉంది. అవతలి మనిషి అడుగుతాడు: ఆల్ సీజన్ వేయమంటారా, ఆల్ టెరైన్ వేయమంటారా? జవాబు చెప్పడానికి రబ్బరు గురించి పాండిత్యం అక్కర్లేదు. గడిచిన ఏడాది మీ బండి ఏయే నేలల మీద తిరిగిందో నిజాయితీగా చెప్పుకోగలిగితే చాలు. ఆ నిజాయితీయే కష్టం. రోజూ నడిపే రోడ్డును పక్కనపెట్టి, ఎప్పుడో నడపాలని కలగన్న రోడ్డుకు టైర్లు కొనేవాళ్లు చాలామంది.

రెండు రకాలూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. బీఎఫ్ గుడ్రిచ్ తన ఆల్ టెరైన్ టైరును 1976లో తెచ్చింది. గుడ్‌ఇయర్ 1977లో టియెంపో పేరుతో ఆల్ సీజన్ టైరు తెచ్చింది. మొదటిది రాళ్లలో, ఇసుకలో, కంకరలో తిరిగే బండ్ల కోసం. రెండోది, చలికాలం రాగానే మంచు టైర్లు వేయించి, ఎండలు రాగానే విప్పించే శ్రమ తప్పించడం కోసం. వేర్వేరు అవసరాలకు వచ్చిన వేర్వేరు జవాబులివి. మగతనానికీ మెతకతనానికీ గుర్తులుగా వీటిని చూడటం మొదలుపెట్టిన క్షణం నుంచే నిర్ణయం పక్కదారి పడుతుంది.

ఆల్ సీజన్ టైరు మీద గడులు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి మీద సన్నటి చీలికలు ఎక్కువ. తడిరోడ్డును అవి పట్టుకుంటాయి. టైరు తేలిక, చప్పుడు తక్కువ, మైలేజీ మెరుగు. ఆల్ టెరైన్‌లో గడులు పెద్దవి, మధ్య ఖాళీలు వెడల్పు, గాడులు లోతు. పక్కగోడలు మందంగా ఉంటాయి కాబట్టి వాడి రాళ్లు తగిలినా అంత తేలిగ్గా చీలవు. దీనికి మూల్యం ఉంది. బరువు పెరుగుతుంది, హైవే మీద హోరు వినిపిస్తుంది, గ్యాలన్‌కు ఒకటి రెండు మైళ్లు తగ్గడం మామూలే. తడి తారురోడ్డు మీద బ్రేకు వేస్తే చాలా ఆల్ టెరైన్ టైర్లు మంచి ఆల్ సీజన్ కంటే కొంచెం ఎక్కువ దూరం పోయి ఆగుతాయి. పికప్ విషయంలో ఈ చివరి మాట ఇంకా ముఖ్యం. తొట్టి ఖాళీగా ఉంటే వెనక ఇరుసు మీద బరువు తక్కువ. వానలో వెనక చక్రాలు తేలిగ్గా జారతాయి. ఆఫీసుకు ఖాళీ తొట్టితో వెళ్లొచ్చే మనిషికి తడిరోడ్డు పట్టు కంటే విలువైనది ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. పోయిన పన్నెండు నెలల్లో మీ పికప్ తారురోడ్డు దిగిన రోజులు గుర్తుచేసుకుని రాయండి. బ్యాంకు లావాదేవీలు, ఫోన్లో ఫొటోలు చూస్తూ రాయండి, ఎందుకంటే జ్ఞాపకం మనకు అనుకూలంగా సాక్ష్యం చెబుతుంది. ఒక్కసారి క్యాంపింగుకు వెళ్లి గడ్డిలో బండి నిలిపినా, ఏడాదంతా అడవులు తిరిగామన్న భావన మిగులుతుంది. రాసి చూస్తే చాలామందికి టోల్‌వే, ఆఫీసు పార్కింగు, పిల్లల స్కూలు, గుడి, కాస్ట్‌కో, అప్పుడప్పుడు హోమ్ డిపో నుంచి కలప. అంతే. ఇది చిన్నతనం కాదు, ఒక కుటుంబాన్ని నడిపే మనిషి జీవితం. దానికి సరిపోయే టైరు ఆల్ సీజనే. రోజూ ఆఫీసుకు పెళ్లి షేర్వాణీ వేసుకెళ్లం కదా.

అయితే రోజుల లెక్క ఒక్కటే చాలదు. కొన్ని రోజులు సంఖ్యలో తక్కువైనా బరువులో ఎక్కువ. నగరానికి దూరంగా కొన్ని ఎకరాలు కొని, వారాంతాల్లో వెళ్లి కంచె వేసుకునేవారు ఉన్నారు. ఆ దారి చివరి రెండు మైళ్లు తెల్ల సుద్దరాయి కంకర అయితే, అక్కడ పక్కగోడ చీలితే సాయం రావడానికి గంటలు పట్టొచ్చు. ఫోన్ సిగ్నలు కూడా ఉండకపోవచ్చు. ఏడాదికి ముప్పై రోజులే అయినా వారికి ఆల్ టెరైన్ న్యాయమైన ఖర్చు. బిగ్ బెండ్ జాతీయ పార్కులో ఓల్డ్ ఓర్ రోడ్డు లాంటి కొండదారుల్లో నిజంగా తిరిగేవారికీ అంతే. ఎన్నిసార్లు వెళ్తున్నాను అన్నది ఒక ప్రశ్న, ఇరుక్కుంటే ఏమవుతుంది అన్నది రెండో ప్రశ్న. రెండూ అడగాలి. ఉద్యోగం మారేటప్పుడూ, ఇల్లు కొనేటప్పుడూ మనం మొదటిదే అడిగి ఆగిపోతుంటాం.

గొప్పలు చెప్పే టైరుకూ హద్దులుంటాయి. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే జిగురు, ఎండితే పగుళ్లు. కర్నూలు చేలల్లో బురద తొక్కినవారికి దాని సంగతి చెప్పనక్కర్లేదు. ఆ మట్టి ఆల్ టెరైన్ ఖాళీల్లోనూ నిండిపోతుంది, కాసేపటికి టైరు నున్నగా తయారవుతుంది. ఆ రోజున పొలానికి బండి తోలకపోవడమే తెలివి. ప్యాడ్రే ఐలాండ్ బీచిలో ఐదో మైలు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. అక్కడ మెత్తటి ఇసుకలో గడుల ఆకారం కంటే గాలి తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, అందుకు కంప్రెసర్ వెంట ఉండాలి. పరిష్కారం కొత్త వస్తువులో ఉందనుకుంటాం, అది చాలాసార్లు నేర్చుకోవలసిన పనిలో ఉంటుంది.

ఇక గాజులాంటి మంచుపొర. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అలాంటి పొర మీద ఆల్ సీజనూ జారుతుంది, ఆల్ టెరైనూ జారుతుంది. పెద్ద గడుల టైరు ఉందన్న ధీమాతో ఆ ఉదయం బయల్దేరడం ప్రమాదం. ఇంట్లో ఉండగలిగితే ఉండండి. మేనేజరుకు ఒక్క మెసేజ్ పెట్టడానికి మొహమాటపడొద్దు.

వదులు మంచు వేరే సంగతి. సెలవుల్లో కొలరాడో వెళ్లే అలవాటుంటే పక్కగోడ మీద రెండు గుర్తులు చూడండి. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు గాడుల అమరికను బట్టి కంపెనీలు వేసుకునేవి. మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు బొమ్మ ఉందంటే ఆ టైరు మంచు మీద పరీక్ష నెగ్గిందని అర్థం. ఈ బొమ్మ చాలా ఆల్ టెరైన్ టైర్ల మీద కనిపిస్తుంది, మామూలు ఆల్ సీజన్ల మీద అరుదు. అయినా అసలైన చలికాలపు టైరుకు ఏదీ సాటిరాదు. ఇక గాడి లోతు. టెక్సస్‌లో 2/32 అంగుళం మిగిలి ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. కొలరాడో ఐ-70 మీద డాట్సెరో, మారిసన్ మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా 3/16 అంగుళం ఉండాలి, అంటే దానికి మూడింతలు.

చాలామంది తడబడేది మరోచోట. బరువు ప్రశ్ననూ నేల ప్రశ్ననూ కలిపేస్తారు. “నేను ట్రెయిలర్ లాగుతాను, కాబట్టి ఆల్ టెరైన్ కావాలి” అంటారు. ట్రెయిలర్ లాగడానికి కావలసింది భారం మోసే శక్తి. అది గడుల ఆకారంలో ఉండదు, టైరు నిర్మాణంలో ఉంటుంది. పరిమాణం ముందు ఎల్‌టీ అని ఉంటే లైట్ ట్రక్కు రకం. సి, డి, ఇ అనే లోడ్ రేంజ్ అక్షరాలు ఎంత గాలితో ఎంత బరువు మోస్తుందో చెబుతాయి. హైవే గడులతోనే ఇ శ్రేణి టైర్లు దొరుకుతాయి. రోజూ బరువు లాగుతూ తారురోడ్డు దిగని మనిషికి అవే సరి. జీవితంలో ఏ చిక్కు వచ్చినా నేను మొదట చేసే పని ఇదే: ముడిపడిన రెండు ప్రశ్నలను విడదీయడం. విడదీశాక సగం చిక్కు అక్కడే వీడుతుంది.

ఇంత లెక్క వేశాక కూడా మనసు ఆల్ టెరైన్ వైపే లాగితే? ఆ రూపం నచ్చిందని కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కష్టపడి సంపాదించారు, ఇష్టమైనది కొనుక్కునే హక్కుంది. కాకపోతే “భద్రత కోసం” అనో “ఎప్పుడైనా పనికొస్తుంది” అనో సాకు వెతక్కండి. ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకున్న మనిషి దాని ఖర్చును సంతోషంగా భరిస్తాడు. సాకుతో కొన్నవాడు పెట్రోలు బంకు దగ్గర ప్రతిసారీ విసుక్కుంటాడు. ఇంట్లోవాళ్లను కూడా అడగండి. వెనక సీట్లో నిద్రపోయే పసిపిల్ల, దూరప్రయాణంలో తలనొప్పి వచ్చే అమ్మ ఆ హోరు వినాలి కదా. బండి మీ పేరు మీద ఉన్నా ప్రయాణం అందరిదీ.

ఒక్కటి మాత్రం చేయకండి. ఎటూ తేల్చుకోలేక ముందు రెండు ఆల్ సీజన్, వెనక రెండు ఆల్ టెరైన్ వేయించకండి. ముందు చక్రాల పట్టు ఒకలా, వెనక చక్రాల పట్టు ఒకలా ఉంటే మలుపులో బండి మీ మాట వినదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే చక్రాల చుట్టుకొలతలో తేడా గేర్ల మీద పడి వాటిని అరగదీస్తుంది. రెండు రకాలనూ కలిపే సగం నిర్ణయం కంటే ఏదో ఒక పూర్తి నిర్ణయం మేలు. పొరపాటైనా అది ఈ టైర్లు అరిగేదాకానే, మళ్లీ టైర్లు మార్చే రోజు వస్తుంది.

తేల్చుకున్నాక కౌంటరు దగ్గర ధైర్యంగా అడగండి. పక్కగోడ మీది డాట్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చూపించమనండి. 1825 అని ఉంటే 2025లో 18వ వారం తయారైన టైరు. రెండు మూడేళ్లు గోడౌన్‌లో మూలిగినది అంటగడితే వద్దనండి. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చెబుతుంది. మామూలు రకం నుంచి ఎల్‌టీకి మారితే అదే బరువుకు ఎక్కువ గాలి కావాలి, ఎంతో లెక్క కట్టించుకోండి. పరిమాణం పెంచితే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, అదీ సరిచేయించాలి. బిగించిన తర్వాత 50, 100 మైళ్ల మధ్య ఒకసారి ఆగి చక్రాల నట్లు మళ్లీ టార్క్ చేయించండి. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది, మొదటి 500 మైళ్లు ముందు బండికి కాస్త ఎక్కువ దూరం వదిలి నడపండి. 5,000 నుంచి 7,500 మైళ్లకోసారి చక్రాల స్థానాలు మార్పించే తేదీని దుకాణంలో ఉండగానే ఫోన్ క్యాలెండర్లో రాసుకోండి.