పగిలిన పోత ఇనుము: అతుకు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు నిలవదు?

దుక్కుల రోజుల్లో ట్రాక్టరు గేర్‌బాక్సు డొప్ప పగిలిందంటే రైతుకు పని ఆగిపోయినట్లే. కొత్త డొప్ప ఖరీదు ఎక్కువ, దొరకడానికీ రోజులు పడుతుంది. అందుకని విజయవాడ ఆటోనగర్ మొదలు పల్లెటూరి షెడ్డు దాకా వినిపించే సలహా ఒకటే: "వెల్డింగు పెట్టించండి." ఆ అతుకు ఒక్కోసారి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఒక్కోసారి చల్లారే లోపే టక్కుమని మళ్లీ పగులుతుంది. ఈ తేడా ఎందుకో చూద్దాం.

ముందు లోహం సంగతి. మెత్తని ఉక్కులో కర్బనం సుమారు 0.2 శాతం. పోత ఇనుములో 2 నుంచి 4 శాతం. దానిలో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకులుగా ఉంటుంది. కాబట్టి పోత ఇనుము బరువును మోస్తుంది గాని, లాగితే సాగదు. వెల్డింగు చేసినచోట లోహం వేడికి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు సంకోచిస్తుంది. చుట్టూ ఉన్న చల్లని భాగం దాన్ని కదలనివ్వదు. పైగా తొందరగా చల్లారితే అతుకు పక్క ఇనుము గాజులా పెళుసెక్కుతుంది. కొత్త పగులు సాధారణంగా అక్కడే పుడుతుంది.

మరి పని ఎలా చెయ్యాలి? డొప్ప పీల్చుకున్న నూనెను కడిగి, సెగ చూపించి పోగొట్టాలి. లేకుంటే అతుకులో బుడగలు వస్తాయి. ఆపైన పగులుకు కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దాలి. లోపల మిగిలిన కిరసనాయిలు పైకి ఊరి, పగులు ఎక్కడిదాకా పోయిందో తడిగీతగా చూపిస్తుంది. ఆ రెండు చివరలా సుమారు 3 మి.మీ. రంధ్రం వెయ్యాలి. కొన ఎంత వాడిగా ఉంటే అక్కడ ఒత్తిడి అంతగా పెరుగుతుందని 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు గణితంతో నిరూపించాడు. గుండ్రని రంధ్రం ఆ వాడిని తీసేస్తుంది. తరవాత పగులు వెంట గ్రైండరుతో 'వి' ఆకారపు గాడి తియ్యాలి.

అతకడానికి రెండు దారులున్నాయి. మొదటిది, భాగమంతా 500–650 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేసి అతికి, పొడి బూడిదలోగాని సున్నపు పొడిలోగాని కప్పి నిదానంగా చల్లార్చడం. రెండోది, నికెల్ రాడ్డుతో ఒకసారికి 25 మి.మీ. మించకుండా అతకడం. వేడి మీదుండగానే సుత్తితో తేలిగ్గా తట్టాలి, చెయ్యి పెట్టగలిగేటంత చల్లారాకే తరవాతి ముక్క వెయ్యాలి. నికెల్ కర్బనంతో గట్టి సమ్మేళనం కట్టదు కనుక అతుకు మెత్తగా ఉంటుంది, ఆకురాయికి లొంగుతుంది.

అంతా సరిగ్గా చేసినా, అసలు పగులు ఎందుకొచ్చిందో చూడకపోతే శ్రమ వృథా. బిగింపు బోల్టు వదులైందా, బేరింగు అరిగిందా అని చూడాలి.

చివరిగా ముఖ్యమైన మాట. స్టీరింగు నకిల్, ముందు ఇరుసు, బ్రేకు భాగాల వంటివి పగిలితే అతికించి వాడకూడదు. ఇవి చాలావరకు సాగగొట్టి, వేడి–చల్లార్పులతో బలం తెచ్చిన ఉక్కు. వెల్డింగు వేడికి ఆ బలం పోతుంది. డొప్ప అతుకు విడిపోతే నూనె కారుతుంది. స్టీరింగు విరిగితే ప్రాణాలు పోతాయి. ఖర్చుకు వెనకాడే యజమానికి ఈ తేడా ఓపికగా చెప్పి, "ఇది అతకను" అనగలిగిన మేస్త్రీయే పని తెలిసినవాడు. రేపు ఇంజనీర్లు కాబోయే మనకూ ఆ మాట అనే ధైర్యం ఉండాలి.