చివరి గాడిలో ముల్లు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. హాల్లోంచి ఏదో చప్పుడు. టక్... టక్... టక్... వెళ్ళి చూస్తే నాన్న పడక్కుర్చీలోనే నిద్రపోతున్నారు. పక్కన బల్ల మీద రికార్డు తిరుగుతోంది. ఘంటసాల గారి పాటలు రాత్రి పదిన్నరకే అయిపోయాయి. ముల్లు మాత్రం లేబుల్ పక్కనున్న ఆఖరి గాడిలో పడి, ఉన్నచోటే చుట్లు కొడుతోంది.

లెక్క వేయండి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. ఆరు గంటల్లో 12,000 చుట్లు. అన్ని చుట్లు తిరిగి ఒక్క పల్లవీ వినిపించలేదు. వజ్రపు ముల్లు మాత్రం రికార్డు ఒక వైపుని దాదాపు పద్దెనిమిది సార్లు వేసినంతసేపు అరిగింది.

"రోజూ ఇంతేనా నాన్నా?" అని అడిగాను.

"లేచి తీద్దామనే అనుకుంటానురా. ఆఖరి చరణం వచ్చేసరికి కళ్ళు మూతపడిపోతాయి."

నాన్న బద్ధకస్తులు కారు. ముప్పై ఏళ్ళు బడికి గంట కొట్టక ముందే చేరిన మాస్టారు. లోపం ఆయన క్రమశిక్షణలో లేదు. ముల్లు తీసే పని ఎవరికి పడిందో చూడండి: రోజంతా తిరిగి, కడుపునిండా తిని, ఇష్టమైన పాట విని, తూలుతున్న మనిషికి. మనందరం చేస్తున్నది ఇదే. మొదలుపెట్టే పనిని మెలకువగా ఉన్న మనిషికి ఇస్తాం. ఆపే పనిని అలసిపోయిన మనిషికి వదిలేస్తాం. రాత్రి పదకొండుకి ఫోన్ పక్కన పెట్టాల్సింది ఆ అలసిన మనిషే. గొడవలో నోరు కట్టేసుకోవాల్సిందీ ఆ మనిషే. ఓడిపోయాడని పొద్దున్నే లేచి వాణ్ణి తిట్టుకోవడం అన్యాయం. ఆపే ఏర్పాటు తెలివిగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవాలి. ఇది నాకు మాటల్లో కాకుండా చేతుల్లో అర్థమైంది, నాన్న ప్లేయరుకి ముల్లుని మోసే టోన్‌ఆర్మ్ లేపే చిన్న పరికరం తయారుచేసి బిగించినప్పుడు.

ప్లేయర్లలో వాటంతట అవే ఆగేవి ఎప్పటినుంచో ఉన్నాయి. ఇంగ్లండులోని గారార్డ్, బీఎస్‌ఆర్ కంపెనీల రికార్డ్ ఛేంజర్లు ఒక తెలివైన గుర్తు పట్టేవి. పాట నడిచేటప్పుడు ముల్లు చుట్టుకి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున లోపలికి జరుగుతుంది. పాట అయ్యాక గాడి ఒక్కసారిగా దూరం దూరంగా సాగి, టోన్‌ఆర్మ్ వడిగా లోపలికి వస్తుంది. ఆ వడినే గుర్తుగా తీసుకుని యంత్రం ముల్లు ఎత్తేసేది. కానీ ధ్వని మీద పట్టింపు ఉన్నవాళ్ళకి ఆ మీటలు, పళ్ళచక్రాలు అడ్డం అనిపించాయి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటివాటిలో ముల్లు పెట్టడమూ తీయడమూ మన చేతిపనే. నాన్న ప్లేయరూ ఆ కోవదే. అలాంటివాటికి విడిగా బిగించే లిఫ్టర్లు బజారులో దొరుకుతాయి. ఆడియో-టెక్నికా వాళ్ళు 'సేఫ్టీ రెయిజర్' పేరుతో అమ్మారు, నార్వే నుంచి ఇంకోటి వస్తోంది. నాకు చేత్తో చేయాలనిపించింది.

మన ఊళ్ళలో నీళ్ళు తోడే ఏతాం చూసినవాళ్ళకి దీని సూత్రం చెప్పనక్కర్లేదు. సైకిల్ స్పోకు ముక్క ఒకటి, దాని నడుమ ఇరుసు. ఒక కొసకి ఇత్తడి నట్టు. రెండో కొస టోన్‌ఆర్మ్ కింద ఉంటుంది, గీతలు పడకుండా దానికి మెత్తటి రబ్బరు తొడుగు. నట్టు కిందికి దిగితే ఆ కొస పైకి లేచి ఆర్మ్‌ని ఎత్తుతుంది. అంతవరకు ఒక చిన్న కొక్కెం దాన్ని కింద పట్టి ఉంచుతుంది. కొక్కేనికి సన్నటి తీగ. పాట అయ్యాక ఆర్మ్ వచ్చి ఆ తీగని ఒక్క మిల్లీమీటరు నెట్టగానే కొక్కెం జారుతుంది, ఏతాం లేస్తుంది. సరుకంతా హైదరాబాదు కోఠిలో, గుజరాతీ గల్లీలో, సైకిల్ షాపులో దొరికింది. బరువులు చాలా తక్కువ. ముల్లు రికార్డు మీద మోపే బరువు మా ప్లేయరులో 1.75 గ్రాములు. ఆర్మ్‌కి సగం దూరంలో లేపితే దానికి రెట్టింపు, మూడున్నర గ్రాములు చాలు.

మొదటిసారి బిగించినప్పుడు పాట ఆగలేదు సరికదా, ఆఖరి ముక్క పదే పదే వినిపించింది. నేను కొక్కేన్ని గట్టిగా బిగించాను. ఆర్మ్ వచ్చి తీగకి తగిలి ముందుకి పోలేకపోయింది. ముల్లు ఒక గాడి వెనక్కి గెంతింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ గెంతింది. మా వీధి చివర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని కొక్కెం కొస చూసి, ఎమరీ కాగితంతో మూడు నిమిషాలు రుద్దారు. వేలి గోటితో తాకి చూపించారు.

"ఏదో తగిలిందని పాటకి తెలియకూడదు బాబూ," అన్నారు.

ఇంట్లో పిల్లాడితో "ఇంక ఫోన్ ఆపు" అనే మాట ఎన్నిసార్లు, ఎంత గట్టిగా అంటున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. గట్టి మాట పిల్లాణ్ణి ఆపదు, ఒక గాడి వెనక్కి గెంతిస్తుంది. వాడు మళ్ళీ అక్కడికే వస్తాడు, మీరు మళ్ళీ అదే మాట అంటారు. అరిగిపోయిన రికార్డు అంటాం చూడండి, అది ఆ వేళకి పిల్లాడు ఒక్కడే కాదు, ఇద్దరూ. ఆపే గుర్తు తేలిగ్గా ఉండాలి, పాట నడుస్తున్నంతసేపు అసలు తాకకూడదు. మా తమ్ముడి ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లో పెద్ద దీపం ఆర్పి చిన్న దీపం వేస్తారు. ఎవరూ ఏమీ అనరు. ఫోన్లు వాటంతట అవే ఛార్జింగ్ బల్ల మీదికి చేరతాయి.

తర్వాత తీగ ఎక్కడ పెట్టాలన్న తగువు వచ్చింది. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి. పన్నెండు అంగుళాల ఎల్పీలో పాట ముగిసే గాడి ఎంత లోపలికి వచ్చినా దాని వ్యాసం 120 మిల్లీమీటర్లకి తగ్గకూడదని కొలత. ఆఖరి మూసిన గాడి వ్యాసం సుమారు 106. అంటే ఇటు పాటకీ అటు ఉచ్చుకీ మధ్య ఏడు మిల్లీమీటర్ల జాగా. ఆ ఏడు మిల్లీమీటర్లలోనే తీగ పని చేసేయాలి. నేను చేతికందిన రికార్డు పెట్టి అమర్చేశాను. ఆ రికార్డుకి చక్కగా పనిచేసింది. ఇంకో రికార్డు పెడితే పాటలు నిండుగా కుక్కి ఉన్నాయి, ఆఖరి చరణం పూర్తికాకుండానే ముల్లు లేచిపోయింది. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే ఏతాం కొసని పక్కకి తిప్పేసి ఉంది.

మనం పెట్టుకునే నియమాలు నూటికి తొంభై ఇలాగే పోతాయి. మామూలు రోజుని కొలతగా తీసుకుని "ఆరింటికి ఆఫీసు కట్టేస్తాను" అంటాం. నెలాఖరున ఆ నియమం పనిని సగంలో తెంచుతుంది. మర్నాటి నుంచి నియమమే పక్కకి తిరిగిపోతుంది. మీ నెలలో అన్నిటికన్నా పొడుగాటి రోజు ఏదో చూడండి, హద్దు దాని చివర పెట్టండి. ఏడున్నర అనుకోండి, ఏడున్నరే. కాకపోతే అది దాటకూడదు. నాన్న అలమారలోని రికార్డులన్నీ తీసి, పాట లేబుల్‌కి అన్నిటికన్నా దగ్గరగా వచ్చినదాన్ని స్కేలుతో వెతికాం. అది దొరికాక దాని పాట ముగిసే గాడికి రెండు మిల్లీమీటర్లు లోపలికి, లేబుల్ వైపు తీగ నిలబెట్టాం. ఆ రోజు నుంచి ఏ రికార్డులోనూ పాట తెగలేదు.

హద్దు అనగానే కొందరికి ఊపిరాడదు. వాళ్ళకి గౌహర్ జాన్ గురించి చెప్పాలనిపిస్తుంది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డింగు కొమ్ము ఆమె ముందు పెట్టాడు. కచేరీలో రాగాన్ని తీరిగ్గా, గంటసేపు విప్పగల విద్వాంసురాలు ఆమె. ఆ రికార్డులో పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఎంతోమంది పెద్ద గాయకులు ఆ కొమ్ము దగ్గరికి రావడానికే ఇష్టపడలేదు. ఆమె మాత్రం రాగం ముఖం, బందిష్, తానాలు అన్నీ ఆ మూడు నిమిషాల్లో సర్ది, పాట అవగానే చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో ముద్ర పడేవి, ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియాలి కదా. ఆ చివరి ప్రకటనకి కూడా ఆమె చోటు మిగుల్చుకుని పాడింది. ఎక్కడ ముగించాలో ముందే తెలిసిన గొంతులో ఒక నిబ్బరం ఉంటుంది. ఇప్పుడు విన్నా అది తెలుస్తుంది. మీరు మీటింగు పిలిచినప్పుడు మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా రాసి పంపండి. మాటలు ఎలా చిక్కబడతాయో మీకే కనబడుతుంది.

తిరిగిన చోటే తిరగడమంతా చెడ్డదని నేననను. 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫర్ అనే ఆయన, రైలు చప్పుళ్ళలాంటి శబ్దాలని కావాలనే మూసిన గాడిలో చెక్కి, పదే పదే తిప్పి, దాన్నుంచి కొత్త సంగీతాన్ని పుట్టించాడు. 1967లో బీటిల్స్ వాళ్ళు 'సార్జెంట్ పెప్పర్' ఎల్పీ బ్రిటన్ ముద్రణలో ఆ ఆఖరి గాడిని ఖాళీగా వదలకుండా కలగాపులగం మాటలతో నింపారు, ముల్లు తీసేదాకా అవి మోగుతూనే ఉంటాయి. మన ఇళ్ళలో సరళీస్వరాలు సాధన చేసే పిల్ల తిరిగేదీ ఒకే గాడి. తేడా ఒక్కటే, వాళ్ళు తెలిసి దిగారు. మీరు రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో తిరుగుతున్న గాడిలోకి తెలిసి దిగారా, జారిపడ్డారా? దాన్ని బట్టి లేవాలో వద్దో తేల్చుకోండి.

ఇక లేపడం. కొక్కెం జారగానే ఏతాం ఠపీమని లేచి ఆర్మ్‌ని ఎగరేసేది. ఎగిరిన ముల్లు కిందపడితే రికార్డుకి గీత. వేగం తగ్గించడానికి మొదట ఇంజెక్షన్ సిరంజి పెట్టి చూశాను. దాని రబ్బరు పట్టుకి నట్టు అసలు కదల్లేదు. చివరికి నట్టు కింద గోరంత రేకు అతికించి, ఆ రేకు చిక్కటి సిలికాన్ నూనెలో మునిగి ఉండేలా చిన్న గిన్నె పెట్టాను. ఇప్పుడు ఆర్మ్ లేవడానికి రెండు సెకన్లు పడుతుంది. చూస్తుంటే నిద్రలో ఉన్న పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఉంటుంది.

మన భాషలో ఈ నూనె ఎప్పటినుంచో ఉంది. గుమ్మం దిగేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. ఫోన్ పెట్టేసేటప్పుడు "ఉంటానండీ" అంటాం. తెంచుకునేటప్పుడు ఆ రెండు సెకన్లు అడ్డం పెట్టే అలవాటు పెద్దవాళ్ళు మనకి ఇచ్చి వెళ్ళారు. భార్యాభర్తల మాట పెరుగుతున్నప్పుడు తలుపు విసిరికొట్టి వెళ్ళిపోవడం కూడా ముల్లు తీయడమే, కానీ గీత పడుతుంది. "కాసేపు బయట తిరిగొస్తాను, వచ్చాక మాట్లాడుకుందాం" అని చెప్పి లేవండి. ఆ మాట కూడా కోపం లేని రోజునే ఇద్దరూ కూర్చుని అనుకుని ఉంచుకోవాలి. కోపంలో ఉన్నప్పుడు కొత్త మాటలు పుట్టవు.

బిగించేముందు జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. మోటారు ఆపి, ముల్లుకి తొడుగు ఉంచి, ఆర్మ్‌ని చేత్తో జరుపుతూ ఇరవైసార్లు పరీక్షించండి. తర్వాత పనికిరాని రికార్డు మీద. పాట నడిచేటప్పుడు ఆర్మ్‌కీ ఏతానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఎండకి వంకర తిరిగిన రికార్డు మీద ఆర్మ్ కిందికీ పైకీ ఊగుతుంది. మొదట్లోనే జిగురు పోయకండి, రెండు వైపులా అంటుకునే టేపు చాలు, సర్దుకోవడానికి వీలుంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకి ఈ కొలతలు కుదరవు.

ఇంకో సంగతి. ఈ పరికరం ముల్లునే లేపుతుంది, రికార్డుని తిప్పే పళ్ళేన్ని ఆపదు. నాన్నకి మొదట అది వెలితిగా తోచింది. "కరెంటు కూడా అదే ఆపేస్తే బాగుండును కదరా," అన్నారు. పళ్ళెం ఊరికే తిరిగితే పెద్ద నష్టమేమీ లేదు, అరిగేది ముల్లు ఆనినప్పుడే. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక కూడా బుర్రలో ఆఫీసు తిరుగుతోందని బాధపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తిరగనివ్వండి. మెయిల్ తెరవకండి, ఎవరికీ ఫోన్ చేయకండి, అంతే. ఆనించకపోతే తిరిగి తిరిగి అదే నెమ్మదిస్తుంది.

ఏతాన్ని రోజూ చేత్తో నొక్కి కొక్కేనికి తగిలించాలి. అది తనంతట తాను సిద్ధం కాదు. ఇప్పుడు నాన్న రాత్రి తొమ్మిదిన్నరకి రికార్డు తుడిచి పళ్ళెం మీద పెడతారు, వేలితో ఏతాం నొక్కుతారు, కొక్కెం టిక్కుమన్నాకే ముల్లు దింపుతారు. మొన్న ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నాన్న పడుకున్నారా అని అడిగాను.

"కుర్చీలోనే. నీ ఏతాం లేచే ఉంది. ఉండు, పళ్ళెం ఆపి వస్తాను," అంది.