గొలుగొండకు ఎన్ని గళ్ళు?

నర్సీపట్నం దగ్గరి గొలుగొండ పేరు మీరు వినే ఉంటారు. వినకపోయినా ఫరవాలేదు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన మండల కేంద్రం అది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ మండలంలోదే. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. "గొలుగొండ" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయి?

"నాలుగు" అంటారు మీరు. గొ, లు, గొం, డ. సరిగ్గానే చెప్పారు. కాని కంప్యూటరును అడిగితే ఒకసారి ఎనిమిది అంటుంది, ఇంకోసారి ఇరవై నాలుగు అంటుంది! ఈ వింత ఏమిటో తెలియాలంటే మనం "టెర్మినల్" అనే కిటికీ తెరవాలి.

పగటివేషం వేసిన ప్రోగ్రాము

లైనక్స్ ఉన్న కంప్యూటరులో టెర్మినల్ తెరిస్తే బొమ్మలూ మీటలూ ఏమీ కనిపించవు. ఖాళీ తెర మీద ఒక గుర్తు మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మీరు మాట టైపు చేసి ఎంటర్ మీట నొక్కాలి. కంప్యూటరు మాటతోనే జవాబిస్తుంది.

పూర్వం టెర్మినల్ అంటే నిజంగా ఒక యంత్రమే. 1963లో వచ్చిన టెలిటైపు 33వ నమూనా, పత్రికాఫీసుల్లోని టెలిప్రింటరులాగా, కాగితం మీద టకటకా అచ్చుకొట్టేది. దాని వేగం సెకనుకు పది అక్షరాలు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకు తీగ చివరన ఉండేది కనుక దానికి టెర్మినల్, అంటే "కొస", అని పేరు. తరువాత కాగితానికి బదులు గాజు తెర వచ్చింది. 1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వీటీ-100 అటువంటిది. దాని తెర మీద 24 వరుసలు, వరుసకు 80 గళ్ళు. మొత్తం 1,920 గళ్ళు. గడికి ఒక అక్షరం.

ఈ 80 ఎక్కడిది? 1928లో ఐబీఎం కంపెనీ తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు వరుసలుండేవి. కార్డులు పోయినా లెక్క మిగిలింది!

ఆ యంత్రాలూ పోయాయి. కాని వాటి కోసం రాసిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. వాటి కోసం ఒక కొత్త ప్రోగ్రాము పాత యంత్రం వేషం కట్టింది. పగటివేషగాడు రాజులా నడిచి, రాజులా మాట్లాడినట్లు, ఈ ప్రోగ్రాము వీటీ-100 కుటుంబపు యంత్రంలా నడుచుకుంటుంది. అదే "టెర్మినల్ ఎమ్యులేటరు". ఎమ్యులేటరు అంటే అనుకరించేది. 1984లో పుట్టిన ఎక్స్‌టర్మ్ అటువంటిదే. అది ఈనాటికీ పనిచేస్తోంది.

అట్టు చెప్పినట్లు ఆజ్ఞ చెప్పాలి

హోటల్లో "అట్టు" అని ఊరుకుంటే సర్వరు మామూలు అట్టు తెస్తాడు. "అట్టు, ఉల్లిపాయతో, కారం లేకుండా" అంటే మీకు కావలసినట్లు తెస్తాడు. ఎక్స్‌టర్మ్ కూడా అంతే. పేరు మాత్రమే టైపు చేస్తే మామూలు 80 గళ్ళు, 24 వరుసల కిటికీ వస్తుంది. పేరు తరువాత చేర్చే కోరికలను "ఆప్షన్లు" అంటారు. ఒక్కొక్క ఆప్షను ముందు చిన్న గీత, అంటే హైఫను, ఉంటుంది.

కొన్ని చూడండి. ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగులో అచ్చువేస్తున్నాం. మీరు ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి.

-జామెట్రీ 100ఎక్స్30 : వరుసకు 100 గళ్ళు, మొత్తం 30 వరుసలు.
-ఎఫ్ఏ మోనోస్పేస్ -ఎఫ్ఎస్ 20 : ఫాంటు పేరు, దాని సైజు. వెనుక బెంచీ వారికి కూడా కనిపించాలంటే ఇది వాడాలి.
-బీజీ బ్లాక్ -ఎఫ్‌జీ గ్రీన్ : నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు.
-ఈ డేట్ : కిటికీ తెరిచి, తేదీ చెప్పే "డేట్" ప్రోగ్రామును నడుపు.
-హోల్డ్ : పని అయిపోయినా కిటికీ మూయకు.

చివరి రెండింటిలో ఒక కిటుకు ఉంది. "ఎక్స్‌టర్మ్ -ఈ డేట్" అని ఇస్తే కిటికీ తళుక్కున మెరిసి మాయమవుతుంది. తేదీ చెప్పడం అయిపోయింది, ఇక పనిలేదు కదా! దాన్ని ఆపాలని "ఎక్స్‌టర్మ్ -ఈ డేట్ -హోల్డ్" అన్నారనుకోండి, అప్పుడూ ఆగదు. ఎందుకు? "-ఈ" తరువాత వచ్చినదంతా లోపల నడిచే ప్రోగ్రాముకే చెందుతుంది. "హోల్డ్" అన్న మాట డేట్ చెవిలో పడింది. దానికి ఆ మాట అర్థం కాదు. "ఎక్స్‌టర్మ్ -హోల్డ్ -ఈ డేట్" అంటేనే పని జరుగుతుంది. కాబట్టి "-ఈ" ఎప్పుడూ అన్నిటికన్నా చివరి ఆప్షనుగా రావాలి. మాటలు అవే అయినా, వరుస మారితే ఎవరికి చెబుతున్నామో మారిపోతుంది.

ఇక లెక్కపెడదాం

ఇప్పుడు మన గొలుగొండను లెక్కపెట్టమందాం. లెక్కపెట్టే ప్రోగ్రాము పేరు "డబ్ల్యూసీ". మాటను పలికించే ప్రోగ్రాము "ఎకో". నడుమ నిలువు గీత పెడితే మొదటిదాని జవాబు రెండవదానికి అందుతుంది.

ఎకో -ఎన్ గొలుగొండ | డబ్ల్యూసీ -ఎం

జవాబు 8. కంప్యూటరు గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది. గ, ఒత్వం, ల, కొమ్ము, మళ్ళీ గ, ఒత్వం, సున్న, చివర డ. మొత్తం ఎనిమిది సంకేతాలు. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు ఇలాగే చోటు ఇచ్చారు.

"-ఎం" బదులు "-సీ" పెట్టండి. జవాబు 24. ఇది బైట్ల లెక్క. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మూడెనిమిదులు ఇరవై నాలుగు! అదే ఊరు పేరు ఇంగ్లీషులో రాస్తే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది బైట్లు. ఎకో తరువాత "-ఎన్" మరిచిపోతే 24కు బదులు 25 వస్తుంది. ఆ ఒక్కటి వరుస ముగిసిందని చెప్పే కనిపించని గుర్తు. చూశారా, ఒక చిన్న ఆప్షను లెక్కనే మార్చేస్తుంది!

గడిలో పట్టని అక్షరం

అయితే గొలుగొండకు తెర మీద ఎన్ని గళ్ళు కావాలి? చిక్కు ఇక్కడే ఉంది. వీటీ-100 ఇంగ్లీషు కోసం పుట్టింది. ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి అన్నది దాని నమ్మకం. మన లిపి అలా నడవదు. ఒత్వం అక్షరం తలమీద ఉంటుంది. కొమ్ము పక్కకు సాగుతుంది. కృష్ణదేవిపేటలో "ష" కింద "ణ" వత్తు వేలాడుతుంది.

యూనికోడ్ పట్టిక ఒత్వాన్ని చోటు పట్టని గుర్తుగానూ, కొమ్మును చోటు పట్టే గుర్తుగానూ విడదీసింది. అందుచేత చాలా టెర్మినళ్ళు "గొ"కు ఒక గడి, "లు"కు రెండు గళ్ళు ఇస్తాయి. ల ఒక గడిలో, దాని కొమ్ము పక్క గడిలో! ఇరుకు గడిలో అక్షరం నలుగుతుంది, లేదా పక్కదాని మీద ఎక్కుతుంది. టైపు చేసే చోటు చూపే గుర్తు ఒక దగ్గర, అక్షరం ఇంకో దగ్గర కనిపిస్తాయి. తప్పు మన లిపిది కాదు. యంత్రం గళ్ళు గీసిన రోజున తెలుగు దాని ఎదుట లేదు, అంతే.

ఈ ఇబ్బంది మనవాళ్ళకు కొత్త కాదు. 1990 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిషోర్ ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంగ్లీషు అక్షరాలే తెలిసిన తెర మీద తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఒక నియమం ప్రకారం రాయడమే ఆ ఉపాయం. చిన్న "డీ" అయితే ద, పెద్ద "డీ" అయితే డ. చిన్న "ఎల్" ల, పెద్ద "ఎల్" ళ. అలా రాసినదాన్ని ప్రోగ్రాము తెలుగు లిపిలోకి మార్చేది. దానికి ఆర్‌టీఎస్ అని పేరు. ఇంటర్నెట్టులో తెలుగువాళ్ళు చాలాకాలం దానితోనే ఉత్తరాలు రాసుకున్నారు.

ఇప్పుడు నేరుగా తెలుగే టైపు చేయవచ్చు. ఎంఎల్‌టర్మ్ వంటి టెర్మినళ్ళు భారతీయ లిపులను దృష్టిలో పెట్టుకుని అక్షరాలను కూర్చే ప్రయత్నం చేశాయి. ఐనా గళ్ళ చిక్కు అన్నిచోట్లా తీరలేదు. ఎక్స్‌టర్మ్ గాని, ఎంఎల్‌టర్మ్ గాని ఎలా రాశారో ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. వాటి ప్రోగ్రాము పాఠం అందరికీ అందుబాటులో ఉంది. గుణింతం తెలిసినవాళ్ళు అది చదివితేనే కదా, "లు" ఒక్క అక్షరమని యంత్రానికి నేర్పగలిగేది!

మీరే చేసి చూడండి

1. "నర్సీపట్నం" మాటకు సంకేతాలెన్ని? బైట్లెన్ని? ముందు వేళ్ళమీద లెక్కించి, తరువాత కంప్యూటరును అడగండి.
2. "కృష్ణదేవిపేట" సంగతి ఏమిటి?
3. మీ పేరును టెర్మినల్‌లో టైపు చేసి, ఏ అక్షరం గడి దాటిందో కనిపెట్టండి.

(జవాబులు: 1. సంకేతాలు 10, బైట్లు 30. వత్తుకు ముందు వచ్చే పొల్లు కూడా ఒక సంకేతమే సుమా! 2. సంకేతాలు 12, బైట్లు 36. 3. ఇది మీరే చెప్పాలి.)