హంపి గొప్పా? హారిక గొప్పా?

భీమవరం గునుపూడిలో ఒక ఇంటి అరుగుమీద చదరంగం బల్ల పరిచి ఉన్నది. ఆట మాత్రం సగంలో ఆగిపోయింది. తొమ్మిదో తరగతి చదివే అక్కకూ ఏడో తరగతి తమ్ముడికీ వాదం వచ్చింది: కోనేరు హంపి గొప్పా, ద్రోణవల్లి హారిక గొప్పా?

తమ్ముడిది హంపి పక్షం. "మన స్టేషన్లో రైలెక్కితే గుడివాడ ఎంతసేపు! హంపి పుట్టింది అక్కడే. పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది" అంటాడు. అమ్మమ్మగారిది గుంటూరు కాబట్టి అక్క హారిక పక్షం. అమ్మమ్మ తమ్ముడికీ అమ్మమ్మే గదా అని మీరు అడగవచ్చు. వాదంలో పడ్డాక అటువంటి సంగతులు ఎవరికీ గుర్తుండవు.

ముందు ఇద్దరి సంగతీ చూద్దాం. హంపి 1987లో పుట్టింది. 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ఆమె వయస్సు 15 సంవత్సరాల 1 నెల 27 రోజులు. అంత చిన్న వయస్సులో ఆ బిరుదు పొందిన స్త్రీ అంతకుముందు లేదు. ఆ రికార్డును 2008లో చైనా బాలిక హౌ ఇఫాన్ దాటింది. వేగంగా ఆడే ర్యాపిడ్ చదరంగంలో హంపి 2019లో ఒకసారి, 2024లో మరొకసారి ప్రపంచ విజేత అయింది. హారిక 1991లో పుట్టింది. 2008లో బాలికల జూనియర్ ప్రపంచ విజేత. 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది, మనదేశపు స్త్రీలలో హంపి తర్వాత ఆమే. 2012, 2015, 2017 సంవత్సరాలలో మహిళల ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచింది.

ఇలా బిరుదులు లెక్కబెడితే వాదం తెగుతుందా? తెగదు. బియ్యాన్ని కిలోలలో తూస్తాం, చీరను మీటర్లలో కొలుస్తాం. "గొప్ప"ను దేనితో కొలవాలి?

గెలిచిన ఆటలు లెక్కపెడితే సరి అని మీకు తోచవచ్చు. 2024లో హంగరీ రాజధాని బుడాపెస్టులో జరిగిన ఒలింపియాడ్‌లో మన మహిళల జట్టు మొట్టమొదటిసారి బంగారు పతకం గెలిచింది. హంపి ఆ జట్టులో లేదు. మొదటి బల్లమీద ఆడినది హారిక. కాని విడిగా ఇచ్చే బంగారు పతకాలు మూడో బల్లమీది దివ్య దేశ్‌ముఖ్‌కూ, నాలుగో బల్లమీది వంతికా అగర్వాల్‌కూ వచ్చాయి, హారికకు రాలేదు. అంటే హారిక వాళ్ళకంటె తక్కువదా? తొందరపడకండి. ఏ జట్టయినా మామూలుగా తనలో గట్టివారినే మొదటి బల్లమీద కూర్చోబెడుతుంది. ప్రతి దేశపు గట్టి మనిషీ హారిక ఎదుటనే వచ్చి కూర్చున్నది! ఎన్ని ఆటలు గెలిచారన్నది మాత్రమే చూస్తే చాలదు, ఎవరిమీద గెలిచారన్నదీ లెక్కలోకి రావాలి.

ఈ చిక్కును విప్పినవాడు ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు. పేరు ఆర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్ళి, మిల్వాకీ నగరంలోని మార్కెట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. తానూ మంచి చదరంగం ఆటగాడే. ఆయన పద్ధతిని 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య అయిన ఫిడే స్వీకరించాయి. ఈనాడు ఆటగాళ్ళ పేర్ల పక్కన కనిపించే 1500, 2100, 2600 వంటి రేటింగు అంకెలు ఆయన చలవే.

ఎలో ఆలోచన అర్థం కావాలంటే భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టుమీద ఒక ఉదయం నిలబడాలి. రొయ్యల "కౌంట్" ఎంత అని రైతు చూసుకుంటాడు. కిలోకు 50 తూగితే 50 కౌంట్, 30 తూగితే 30 కౌంట్ అన్నమాట. అందుకోసం చెరువంతా పట్టడు గదా! వల విసిరి, పడినవి తూచి, లెక్కపెడతాడు. ఒక విసురులో అన్నీ పెద్దవే పడవచ్చు. గట్టు దగ్గర విసిరితే ఒకలాగ, లోతున విసిరితే మరొకలాగ రావచ్చు. అందుకే నాలుగైదు చోట్ల విసిరి సగటు కడతాడు.

ఆటగత్తె బలం కూడా అలాంటి చెరువే. ఒక్కొక్క ఆట ఒక్కొక్క వల విసురు. ఇవాళ బాగా ఆడుతుంది, రేపు తలనొప్పి వస్తుంది. అసలు బలం ఆ ఎగుడుదిగుళ్ళ నడుమ ఎక్కడో ఉంటుంది. ఎలో దీనికి మంచి పోలిక చెప్పాడట: నీళ్ళమీద పైకీ కిందికీ ఊగుతున్న బెండు ఎత్తును, గాలికి ఊగే తాడుకు కట్టిన గజం బద్దతో కొలవడం వంటిదని. గాలం వేసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇక లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

గెలుపుకు 1, డ్రాకు అర, ఓటమికి 0. ఇద్దరి రేటింగులలో 400 తేడా ఉంటే, వారు పంచుకునే పాయింట్ల నిష్పత్తి 10:1 అవుతుందని అనుకోండి. అంటే 11 పాయింట్లలో పైవానికి 10, కిందివానికి 1. మరి తేడా 200 అయితే? 400లో సగం కనుక 5:1 అనుకునేరు! కాదు. 200, 200 కలిస్తే 400 కావాలి. కనుక ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 10 వస్తుందో అది తీసుకోవాలి. అంటే 10 వర్గమూలం, 3.16. నిష్పత్తి 3.16:1. మొత్తం 4.16లో 3.16 వంతు, సుమారు 0.76. పైవానికి ఆటకు 0.76, కిందివానికి 0.24 రావాలన్నమాట. దీన్ని "ఆశించిన పాయింటు" అందాం. (ఫిడే పట్టిక కొంచెం వేరే వక్రరేఖ మీద కట్టారు, రెండో దశాంశంలో చిన్న తేడా కనబడితే గాభరా పడకండి.)

ఆట అయ్యాక, వచ్చిన పాయింటులోనుంచి ఆశించిన పాయింటు తీసివేసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి, పాత రేటింగుకు కలుపుతారు. ఆ గుణకం 18 ఏళ్ళలోపు పిల్లలకు, రేటింగు 2300 కంటె తక్కువ ఉంటే, 40. మామూలు పెద్దలకు 20. ఒకసారి 2400 చేరినవారికి 10. పిల్లల బలం త్వరత్వరగా మారుతుంది కనుక వాళ్ళ అంకెను వేగంగా కదలనిస్తారు.

మీ రేటింగు 1500 అనుకోండి. 1700 ఉన్న ఒక పెద్దాయనమీద ఆడారు. మీ ఆశించిన పాయింటు 0.24. గెలిస్తే 1 - 0.24 = 0.76, నలభైతో హెచ్చవేస్తే సుమారు 30. మీరు 1530 అయ్యారు! డ్రా అయినా మీకు 10 కలుస్తుంది. ఓడితే 10 మాత్రమే పోతుంది. గట్టివాడిమీద ఓడినా పెద్ద నష్టం లేదు, గెలిస్తే మాత్రం పంట. బుడాపెస్టులో హారికకు ఎదురైన చిక్కు ఈ లెక్కలో దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు అరుగుమీదికి తిరిగి వెళదాం. హంపి చేరిన అత్యధిక రేటింగు 2623, అది 2009లో. జుడిట్ పోల్గార్ తర్వాత 2600 దాటిన రెండో స్త్రీ ఆమే. హారిక అత్యధికం 2543, అది 2016లో. తేడా 80. ఇది 400లో అయిదో వంతు. కనుక ఏ సంఖ్యను అయిదుసార్లు వేసి గుణిస్తే 10 వస్తుందో చూడాలి. అది 1.585. (నమ్మకం లేకపోతే గుణించి చూడండి.) మొత్తం 2.585లో 1.585 వంతు అంటే 0.61. ఆ నాటి హంపీ ఆ నాటి హారికా 10 ఆటలు ఆడితే హంపికి 6 పాయింట్లు, హారికకు 4 దరిదాపు రావాలి.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. కాని అక్క లెక్కల్లో గట్టిది. "2009 రేటింగునూ 2016 రేటింగునూ తీసివేయవచ్చా?" అన్నది.

మంచి ప్రశ్న. మనం వాడినది తేడాను మాత్రమే, గమనించారా? ప్రపంచంలో అందరి రేటింగుకూ రేపు పొద్దున 500 కలిపితే ఒక్క ఫలితమూ మారదు. నేలమట్టం ఎక్కడో చెప్పకుండా రెండు మేడల ఎత్తు తేడా చెప్పినట్లు! ఒకే రోజు జాబితాలో ఉన్న ఇద్దరిని పోల్చడానికి ఈ కొలత బాగా పనికివస్తుంది. ఏడేళ్ళ ఎడం ఉంటే, నడుమ కొత్తవారు వస్తారు, పాతవారు మానేస్తారు, నేలమట్టమే కాస్త జరగవచ్చు. అందుచేత ఆ 6-4ను రాయిమీద చెక్కకండి.

అక్క అంతటితో ఆగలేదు. "ఓడినవాళ్ళు ఇంటికి పోయే పోటీలో మూడుసార్లు సెమీఫైనల్ చేరడం మాటలా?" అన్నది. ఇదీ లెక్క కట్టదగినదే. ఆ పోటీలలో 64 మందితో మొదలై నాలుగు రౌండ్లు నెగ్గితే నలుగురు మిగులుతారు. ఒక్కొక్క రౌండు నెగ్గే అవకాశం 100లో 70 అనుకుందాం. నాలుగూ నెగ్గే అవకాశం 0.7ను నాలుగుసార్లు గుణిస్తే 0.24. వరుసగా మూడు పోటీలలో అలా జరగాలంటే 0.24ను మూడుసార్లు గుణించాలి: 0.014. నూటికి ఒకటిన్నర కూడా లేదు! పైగా 2012, 2015, 2017 ఆ పద్ధతిలో జరిగిన మూడు వరుస పోటీలు. నాకు ఈ లెక్క చూస్తే హారిక మీద గౌరవం రెట్టింపయింది.

అయితే తక్కెడకు రెండు పళ్ళాలుంటాయి. హంపి కూడా 2004, 2008, 2010 సంవత్సరాలలో ఇలాంటి పోటీలలోనే సెమీఫైనల్ చేరింది. మూడుకు మూడు! అక్క మొహం కాస్త వాడింది.

తమ్ముడు మురిసిపోయే లోపల మరో సంగతి చెప్పాలి. 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో ప్రపంచ బిరుదుకోసం హంపి హౌ ఇఫాన్‌తో ఆడింది. రేటింగులో హంపే కాస్త ముందున్నది. 8 ఆటలకు 4 పాయింట్లు దాటి రావలసింది, వచ్చినవి రెండున్నర. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమి నగరంలో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. క్వార్టర్ ఫైనల్లో హారికను, ఫైనల్లో హంపిని ఓడించి కప్పు తీసుకుపోయినది ఒక్కరే: 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్. ఆమె రేటింగు అప్పటికి హంపికంటె తక్కువ. ఇందులో లెక్క తప్పిందనడానికి ఏమీ లేదు. 0.39 అంటే సున్నా కాదు గదా. పదిలో నాలుగు అని చెప్పిన లెక్కే, ఆ నాలుగు ఎప్పుడు వస్తాయో చెప్పనన్నది.

నా మట్టుకు అడిగితే, నెమ్మదిగా ఆడే చదరంగంలో, ఎవరి మంచి రోజుల్లో వారిని తీసుకుంటే, హంపి ఒక మెట్టు పైన అంటాను. ఎంత పైన? పది ఆటల్లో రెండు పాయింట్ల తేడా. అంతకంటె పెద్ద గొంతుతో ఎవరైనా చెబితే లెక్క చూపించమనండి.

మీరూ చేసి చూడండి. తరగతిలో ఎనిమిది మంది చేరండి. అందరికీ 1000 రేటింగు ఇవ్వండి. గుణకం 40 పెట్టుకోండి. మొదటి ఆటలో తేడా సున్నా కనుక ఆశించిన పాయింటు 0.5, గెలిచినవాడు 1020, ఓడినవాడు 980. ఒక నోటు పుస్తకంలో వరుసగా రాస్తూ, ఒక్కొక్కరు ఇరవై ఆటలైనా ఆడండి. తేడాలు పెరిగినకొద్దీ ఆశించిన పాయింటు కట్టడానికి లెక్కల మాస్టారిని అడిగి 10, 25, 50, 100, 200 తేడాలకు ఒక పట్టిక తయారు చేసుకోండి. నెల చివర ఎనిమిది అంకెలూ కూడితే ఎంత వస్తుందో, ఎందుకు వస్తుందో, ఆడకముందే చెప్పగలరా?