మునిమాపు వేటలో చెదరు ఎఱ్ఱచుక్క

ప్రశ్న: టెక్సాస్‌లో లైసెన్సు పొంది జింకల వేటకు పోవుచుందును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట నా రెడ్ డాట్ సైట్‌లోని చుక్క నక్షత్రమువలె చెదరి జంతువును కప్పివేయుచున్నది. మార్గమేమి?

జవాబు: పగటి వెలుగునకు సరిపడ అమర్చిన చుక్కను మీరు సంధ్యయందును మార్చక వాడుచుందురని తలంచెదను. చీకటికి అలవడి విప్పారిన కంటిపాపకు ఆ తీక్ష్ణకాంతి మిఱుమిట్లు గొలుపుటచేత, చుట్టునున్న మసక దృశ్యమంతయు మఱింత నల్లబడును. కావున కాంతిని మార్చు మీట సాయమున, చుక్క పూర్తిగా మాయమగువఱకు తగ్గించి, పిదప లీలగా గోచరించునంతవఱకు మాత్రమే పెంచి, రెండు కన్నులును తెఱచి చూడుడు.

అప్పటికిని చెదరినచో, తుపాకినుండి తూటాలు తీసివైచి, సెల్‌ఫోన్ కెమెరాతో ఆ చుక్కను పరిశీలింపుడు. అందు గుండ్రముగా నున్నయెడల లోపము సైట్‌నందు గాక మీ కంటియందే యుండవచ్చును; నల్లగ్రుడ్డుపైని పొర వంపు అన్ని దిక్కుల సమముగా లేనివారికి, వైద్యులు ఆస్టిగ్మాటిజమను ఈ స్థితిలో, చుక్క యిట్లే చీలును.

ఇంకొక మాట దాచరాదు. ఈ సైట్ దూరమును దగ్గఱ చేయదు, వెలుగును పెంచదు. 6 ఎం.ఓ.ఏ. (చుక్క పరిమాణపు కొలత) అని పేర్కొన్న చుక్క 100 గజముల దూరమున సుమారు 6 అంగుళములను మఱుగుపఱచును గనుక, 2 ఎం.ఓ.ఏ. చుక్కయే మేలు. జంతువును గుర్తించుటకు బైనాక్యులర్స్ వాడవలెనే గాని, తుపాకి గుఱిపెట్టి వెదకుట ఎంతమాత్రము తగదు. టెక్సాస్‌లో సూర్యాస్తమయానంతరము అరగంట వఱకే జింకల వేటకు అనుమతి కలదు. అయినను, జంతువును, దాని వెనుకనున్న నేలయు స్పష్టపడనిచో, గడియారముతో నిమిత్తము లేక తుపాకి దింపుడు.

కన్నద్దములు ధరించినను చుక్క చీలుచున్నచో కంటివైద్యుని, కెమెరాయందును చెదరుచున్నచో తుపాకులు బాగుచేయువానిని కలియుడు.